గోదారి పోటెత్తకముందే పశువును గట్టెక్కించడం ఎలా

గోదారి పాయల మధ్య దీవుల్లో ఉండే లంక ఊళ్లలో వరదకు పశువులు పోయే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. రాత్రి నీళ్లు పెరుగుతాయి. మకాంలో, అంటే పశువుల పాకలో, గేదెలు గుంజలకు కట్టేసి ఉంటాయి. తెల్లారి వెళ్దామనుకుంటే లంకకు దారైన తక్కువ ఎత్తు వంతెన, కాజ్‌వే, మునిగి ఉంటుంది. గేదెకు ఈత పుట్టుకతోనే వస్తుంది, వదిలేస్తే ఏదో ఒక మెరక వెతుక్కుంటుంది. దాన్ని చంపేది చాలాసార్లు నీళ్లు కాదు, మెడకున్న తాడు.

కాబట్టి ఒక క్రమం పెట్టుకోండి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేసరికి పశువులు ఏటిగట్టు మీద ఉండాలి. రెండో హెచ్చరికకు మనుషులు కదలాలి. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది, ముందు మనుషులు వెళ్లి పశువుల కోసం వెనక్కి వస్తారు. అప్పటికి పడవలన్నీ జనాన్ని చేరవేస్తుంటాయి, గేదెను ఎక్కించుకునే పడవ దొరకదు. వెనక్కి వచ్చిన మనిషి ప్రాణం కూడా పశువుతోపాటు ప్రమాదంలో పడుతుంది.

ముందు మీ ఊరి లెక్క తెలుసుకోండి

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహం లెక్కలో ఇవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. భద్రాచలం నీరు ధవళేశ్వరానికి దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, మీకు దొరికే వ్యవధి అదే. అయితే శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. శబరి కూడా పొంగుతున్న రోజు భద్రాచలం అంకె ఒక్కటే చూసి ధీమాగా కూర్చోకూడదు.

ఈ అంకెలు టీవీలో వస్తాయి. మీ లంకకు వాటి అర్థమేంటో మాత్రం మీరే రాసి పెట్టుకోవాలి. మీ కాజ్‌వే మీదికి నీరెక్కినప్పుడు ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుంది? మీ మకాం గుమ్మాన్ని తాకినప్పుడు ఎంత? పక్కపక్క లంకల్లోనే ఈ అంకెలు వేరుగా ఉంటాయి. కొన్ని కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. మీది అలాంటిదైతే ఈ వ్యాసంలో "మొదటి హెచ్చరిక" అన్న ప్రతిచోటా "9 అడుగులు" అనో "10 అడుగులు" అనో మీ అంకె పెట్టుకుని చదవండి. మకాం స్తంభం మీద 2022 జూలై వరద ఎంతవరకు వచ్చిందో రంగుతో గీత గీయండి. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది. 2022 గీతను చూసి మెరక కట్టుకున్నవారు 1986 స్థాయి వరద మళ్లీ వస్తే ఆ మెరక మీద కూడా నిలవలేరు.

మే, జూన్‌లో పూర్తి కావలసిన పనులు

టీకాలు ముందు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పడాలి. సూది పడ్డాక ఒంట్లో రక్షణ తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వరదొచ్చాక గట్టు మీద వేయించిన సూది ఆ వారానికి అక్కరకు రాదు. గొంతువాపు ముఖ్యంగా గేదెలను పట్టుకుంటుంది. అలసట, తడి, ఆకలి, ఒకేచోట వంద పశువులు, అంటే గట్టు మీద ఉండే పరిస్థితులన్నీ దానికి అనుకూలమే. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి. గొర్రెలు, మేకలకు చిటుకరోగం టీకా వానలకు ముందు, పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా వేసి మూడేళ్లు దాటితే అదీ. నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా వేయించండి, దానికి వారం ముందు నట్టల మందు పట్టించండి. కుక్కకు రేబిస్ టీకా వేయించి ఆ కార్డు జాగ్రత్త చేయండి. ఎలుకజ్వరం కుక్కలకూ వస్తుంది, టీకా వేయించేటప్పుడు దాని గురించీ అడగండి.

చెవిపోగు చూసుకోండి. 12 అంకెల పసుపు పోగు ఊడిపోయి ఉంటే రైతు సేవా కేంద్రంలో చెప్పి మళ్లీ వేయించండి. ప్రతి పశువుకూ రెండు ఫొటోలు తీయండి: చెవిపోగు అంకెలు చదవగలిగేలా ఒకటి, మీరు పక్కన నిలబడి పశువు మొత్తం కనబడేలా ఒకటి. వాటిని ఊరికి దూరంగా ఉన్న బంధువు ఫోనుకు కూడా పంపండి. బీమా ఉన్నా, ప్రభుత్వ సహాయం అడగాల్సి వచ్చినా, పోగు లేని పశువు మీదేనని నిరూపించడం చాలా కష్టం.

గట్టు మీద చోటు ముందే మాట్లాడుకోండి. హెచ్చరిక రోజు అందరూ ఒకేచోటికి తోలుకొస్తారు, తగాదాలు అక్కడే మొదలవుతాయి. గట్టు పైభాగం ఇసుక బస్తాల లారీలకు వదిలేసి, ఊరివైపు దిగువ వాలులో కట్టుకోవాలి. తూముల పక్కన, లాకుల పక్కన, గతంలో గండి పడిన చోట, కరెంటు తీగల కింద కట్టకండి. పెద్ద గేదె నిలబడి పడుకోవడానికి 4 చదరపు మీటర్ల చోటు కావాలి. అంతకంటే ఇరుకైతే పడుకున్నదాని పొదుగును పక్కది తొక్కుతుంది.

గడ్డి సంగతి. వరద రోజు గడ్డిమేటు మోయడం జరిగే పని కాదు. జూన్ ఆఖరుకే వారం రోజుల గడ్డిని గట్టు అవతలి బంధువుల డాబా మీదో, చావడిలోనో పెట్టించండి. పెద్ద గేదెకు ప్రాణం నిలబెట్టే మేత అంటే రోజుకు 6 కిలోల ఎండుగడ్డి, కిలోన్నర దాణా. రెండు గేదెలు, ఒక దూడ ఉన్న ఇంటికి వారానికి సుమారు 100 కిలోల గడ్డి కావాలి, బేలర్ యంత్రం చుట్టిన గడ్డి చుట్టలైతే ఏడెనిమిది. తవుడు, తెలగపిండి, కొబ్బరి చెక్క కలిపిన దాణా 25 కిలోలు. లవణపు ఇటుక ఒకటి. పాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి. ఆ వారంలో లీటర్ల కోసం దాణా పెంచితే నష్టం ఎలా వస్తుందో కింద చెబుతాం.

నీళ్లను మాత్రం చాలామంది లెక్కేయరు. చుట్టూ గోదారే కదా అనుకుంటారు. గేదెకు రోజుకు 50 లీటర్లు కావాలి, వరద నీటిలో కొట్టుకొచ్చిన కళేబరాలూ మరుగుదొడ్ల మురికీ పురుగుమందులూ కలిసి ఉంటాయి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు గట్టు మీద పెట్టుకోండి. ట్యాంకరు రాకపోతే పారే నీటిని బట్టలో వడకట్టి, పటిక తిప్పి తేర్చి, తేటనీటిలో డ్రమ్ముకు చిటికెడు, అంటే దాదాపు గ్రాము, బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగి పట్టండి.

మకాంలో యూరియా బస్తాలు, పురుగుమందు డబ్బాలు ఉంటే అటకెక్కించండి. నీళ్లలో కరిగిన యూరియా తాగిన పశువుకు కడుపు ఉబ్బి, వణుకు పుట్టి, గంటల్లోనే ప్రాణం పోతుంది. వరద తీశాక గోలెంలో మిగిలిన నీళ్లు తాగడం వల్ల కూడా ఇలా జరుగుతుంది.

ముడి సంగతి

తాడు విషయంలో మూడు తప్పులు తరచుగా కనిపిస్తాయి. మెడ దగ్గర ఉచ్చుముడి వేయడం మొదటిది. పశువు బెదిరి లాగితే అది బిగుసుకుని ఊపిరాడదు. మెడకు వేసే పలుపు బిగియని ముడిగా ఉండాలి, మెడకూ తాడుకూ మధ్య నాలుగు వేళ్లు దూరాలి. గుంజ దగ్గర పీటముడి వేయడం రెండోది. తడిసిన నైలాను తాడు మీద పీటముడిని చీకట్లో విప్పలేరు. గుంజ దగ్గర ఒక్క లాగుకు ఊడే ముడి వేయాలి: తాడును గుంజ చుట్టూ తిప్పి, కొసను మడిచి ఉచ్చులోకి దూర్చి, మడత కొస బయట వేలాడేలా వదిలేయాలి. ఆ కొస లాగితే మొత్తం ఊడిపోతుంది. ఇంట్లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఈ ముడి నేర్పండి, మీరు ఊళ్లో లేని రోజునే వరద రావచ్చు. ఇక మూడో తప్పు, ముకుతాడును గుంజకు కట్టేయడం. నీళ్లు పెరిగితే పశువు తల పైకెత్తలేదు.

మకాం చూరులో పదును పెట్టిన కొడవలి ఒకటి ఎప్పుడూ గుచ్చి ఉంచండి. తాడు ఊడకపోతే కోయడానికే అది, గడ్డికి వాడటం మొదలుపెడితే అవసరమైన రోజు అది చేలో ఉంటుంది.

తోలుకెళ్లే రోజు

మొదటి హెచ్చరిక వస్తుందన్న కబురు అందగానే, కాజ్‌వే ఇంకా తేలి ఉండగానే, నడిపించి తీసుకెళ్లడం అన్నిటికంటే తేలిక. ఈనడానికి నెల లోపే ఉన్న చూడి పశువులు, వారంలోపు ఈనినవి, కుంటివి ముందు బయలుదేరాలి. ఈ వరుస ఎందుకంటే ఇవి పరిగెత్తలేవు, పడవలో తోపులాటకు చూడి పశువు గర్భం పోవచ్చు కూడా. దూడను తల్లికి కట్టకండి, పక్కన విడిగా నడిపించండి. కాజ్‌వే మీద నీరు పారుతుంటే మీ మోకాలు దాటిందా చూడండి. దాటితే నడక మానేయండి. కాజ్‌వే అంచు కనబడని చోట కొట్టుకుపోయేది మనిషే, పశువు ఆ తరవాతే.

పడవ తప్పనిసరైతే:

1. పగలే దాటించండి. వీలైతే రెండు పడవలు కలిపి పలకలు పరిచిన పంటు మాట్లాడండి. నాటు పడవలో ఎన్ని పశువులు ఎక్కాలో సరంగు చెప్పిందే మాట, మీరు బేరమాడకండి.

2. అడుగున గడ్డీ తడి గోనెలూ పరవండి. నున్నటి పలక మీద గిట్టలు జారితేనే పశువు బెదురుతుంది, బెదిరితే పడవ ఒరుగుతుంది.

3. ఎక్కించేటప్పుడు బెదిరేదానికి కళ్లకు తువ్వాలు కట్టండి. ముందు సాధువైన ముసలి గేదెను ఎక్కించండి. మిగతావి దాన్ని చూసి వస్తాయి. వెనకనుంచి కర్రతో పొడిస్తే పక్కకు దూకుతాయి.

4. పొడవుగా, పడవ నడిమధ్యన నిలబెట్టి, తల కిందికి ఉండేలా పలుపును పొట్టిగా పట్టుకోండి. పట్టుకోవాలి, కట్టకూడదు. పడవ తిరగబడితే కట్టిన పశువు బతకదు.

5. ఆ పడవలో పిల్లలనూ పెద్దవాళ్లనూ ఎక్కించకండి. పశువుకొక మనిషి, సరంగు, అంతే.

ఈదించడం ఆఖరి మార్గం. చిన్న పాయలోనే చేయాలి, వశిష్ట, గౌతమి నడిధారలో ఎన్నటికీ కాదు. దూడను పడవలోకి ఎక్కించి తల్లికి కనబడేలా కూర్చోబెడితే తల్లి దానంతట అదే నీళ్లలోకి దిగి వెంట వస్తుంది. మెడ పలుపుకు పొడవాటి తాడు వేసి, పడవలో మనిషి చేత్తో పట్టుకోవాలి. ముకుతాడు పట్టుకుని లాగితే ముక్కు నీళ్లలోకి దిగుతుంది, ఈదుతున్న గేదె మునగడానికి అదొక్కటి చాలు. పశువు పడవకు దిగువ పక్కన ఉండాలి, ఎగువన ఉంటే ప్రవాహం దాన్ని పడవ కిందికి నెడుతుంది. అవతల ఎక్కాల్సిన రేవుకు బాగా ఎగువనుంచి బయలుదేరితే నీరే మిమ్మల్ని ఆ రేవుకు తెస్తుంది. ఆవులు, ఎద్దులు గేదె అంత సేపు ఈదలేవు. వాటిని చివరిదాకా నడక, పడవలకే ఉంచుకోండి.

ఇవేవీ కుదరకపోతే, మీరు ఇల్లు వదిలి వెళ్లాల్సిందే అయితే, అన్ని కట్లూ విప్పేసి వెళ్లండి. ముకుతాడుకు వేలాడే కొసను కోసేయండి, అది కంపకో కొబ్బరి మొదలుకో చిక్కుకుంటుంది. మెడగంటలు తీసేయండి. మకాం తలుపులన్నీ తెరిచి కర్రలు ఆనించండి. కోళ్లగూడు తలుపు, కుక్క గొలుసు కూడా.

తుపాను వేరు

వరదలో గట్టు కాపాడుతుంది. తుపానులో అదే గట్టు మీద, గాలికి ఎదురుగా, పశువు నిలవలేదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద తెగబడిన తుపాను కొబ్బరిచెట్లను పెద్ద సంఖ్యలో కూల్చింది. చెట్టు కింద కట్టేసినవి, పాత పాకల్లో ఉన్నవి వాటి కిందే నలిగాయి. అందుకే ఇక్కడ సూత్రం తిరగబడుతుంది: గాలికి అడ్డంగా పక్కా గోడ, చెట్టు ఎత్తుకు మించిన దూరం.

వాతావరణ శాఖ తుపాను తాకిడికి కనీసం 48 గంటల ముందు తుపాను అప్రమత్తత, కనీసం 24 గంటల ముందు తుపాను హెచ్చరిక ఇస్తుంది. మొదటిది రాగానే మకాం చుట్టూ ఉన్న కొబ్బరిచెట్ల ఎండు మట్టలు, కాయలు దింపించండి. రేకుల పాకైతే, రేకులను రాళ్లతో అదిమిపెట్టడం వృథా, గాలికి రాళ్లూ లేస్తాయి. వాసాలకు తాళ్లు వేసి నేలలో పాతిన గుంజలకు బిగించాలి. అది కుదరని పాత పాకలో పశువును కట్టడం కంటే బయట, చెట్లకూ తీగలకూ దూరంగా, విప్పి ఖాళీ చేలో వదలడం మేలు. గాలికి వీపు తిప్పుకుని గుంపుగా నిలబడతాయి.

అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వైపు సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పెన భయం ఉంటుంది. అక్కడ హెచ్చరిక దాకా ఆగకండి. అప్రమత్తత చెప్పిన రోజే పశువులను లోపలి ఊళ్లకు తోలండి, ట్రాలీ బాడుగ దగ్గర వెనకాడవద్దు. ఉప్పెన తరవాత చెరువులూ బావులూ ఉప్పగా మారతాయి. నోట్లో వేసుకుంటే ఉప్పు తెలిసిన నీళ్లు దూడలకు పట్టకండి. గాలి ఆగిందని వెంటనే మేతకు వదలకండి, తెగిపడిన కరెంటు తీగలు బురదలో కనబడవు.

గట్టు మీద ఉన్నన్నాళ్లు

మేత దగ్గరే ఎక్కువ పశువులు పాడవుతాయి. ఆకలిగా ఉన్నాయన్న జాలితో బియ్యం, నానిన ధాన్యం, సహాయ కేంద్రంలో మిగిలిన అన్నం బకెట్లకొద్దీ పెడతారు. గడ్డి తిని బతికే పొట్టలో అంత పిండిపదార్థం ఒక్కసారిగా పడితే పులిసి ఆమ్లమవుతుంది. పశువు మేత మానేస్తుంది, పుల్లని వాసనతో పారుతుంది, పడుకుని లేవదు. ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది, అందరూ వరద రోగమనుకుంటారు. అలవాటు లేని పశువుకు అన్నం రెండు గుప్పెళ్లు మించకూడదు. నీళ్లలో మొలకెత్తిన వడ్లూ అంతే. తిని ఉబ్బితే, ఎడమ డొక్క మద్దెలలా బిగుసుకుంటే, పశువైద్యుణ్ణి పిలుస్తూనే నిలబెట్టి ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా చూడండి. నురుగు ఉబ్బరమైతే అర లీటరు వంటనూనె నెమ్మదిగా పట్టొచ్చు. తల బాగా పైకెత్తి గొట్టంతో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గితే వెంటనే ఆపేయండి.

గడ్డి చాలకపోతే కోనసీమలో కొరత లేనిది అరటి. అరటి బొండును సన్నగా తరిగి రోజుకు 10 కిలోల వరకు ఎండుగడ్డితో కలిపి పెట్టండి. అందులో చాలావరకు నీరే, విడిగా పెడితే పారుతుంది. అవిసె, సుబాబుల్ కొమ్మలు కొంచెం కొంచెం పెట్టొచ్చు. కాలవల్లో దొరికే గుర్రపుడెక్క తప్పదంటే మేతలో పావువంతుకు మించనివ్వకండి. తడిసి వేడెక్కి బూజు పట్టిన గడ్డి అసలు వద్దు, ఆకలితో ఉంచడమే నయం.

పాలు అమ్ముడుపోకపోయినా రెండు పూటలా పిండండి. పిండకపోతే పొదుగు రాయవుతుంది. పిండేముందు లేత గులాబి రంగు వచ్చేలా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లతో చనుమొనలు కడగండి, బురదలో పడుకున్న పశువుకు పొదుగువాపు రావడానికి ఒక్క రోజు చాలు. రాత్రిపూట లైటు ఉంచండి. వరద నీటికి పాములూ గట్టెక్కుతాయి. గడ్డి మోపు ఎత్తేముందు కర్రతో కదపండి.

ఒక గేదెకు జ్వరం వచ్చి, గొంతు కింద వాచి, గురక శబ్దంతో ఊపిరి తీస్తుంటే అది గొంతువాపు. ఒక రోజులో చంపుతుంది, మరుసటి రోజు చూద్దామనుకోకండి. పశువైద్య అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి, ఆ పశువును గాలివాలుకు వేరుగా కట్టండి, దాని నీళ్ల బకెట్టు ఇంకోదానికి పెట్టకండి. ఆరు నెలల నుంచి రెండేళ్ల పెయ్యల్లో తొడ మీదో జబ్బ మీదో వాపు వచ్చి, నొక్కితే చరచరమంటే జబ్బవాపు.

కోళ్లు, మేకలు, కుక్కా పిల్లీ

కోళ్లను రాత్రే పట్టండి, చీకట్లో అరవవు, రెక్కలు విరగ్గొట్టుకోవు. ఒక గంపలో ఐదారు చాలు. నీళ్లకంటే తడికీ చలికీ ఎక్కువ చచ్చేవి ఇవే, గంప మీద టార్పాలిన్ వేయండి, అడుగున ఊక పరవండి, గాలి మాత్రం ఆడాలి. పది కోళ్లకు వారానికి 8 కిలోల నూకలు కావాలి. సంక్రాంతికని పెంచే పుంజులను ఒకే గంపలో వేస్తే తెల్లారేసరికి ఒకటే మిగులుతుంది, దేనికదే గంప. బాతులు ఎలాగో బతుకుతాయి, వాటిని కోళ్లలో కలపకండి.

మేకకు వాన పడదు. తడిసిన మేకకు రెండు మూడు రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పై కప్పు ముందు వాటికి చూడండి. పడవలో నాలుగు కాళ్లూ కట్టి పడేస్తే ఉబ్బుతాయి, కట్టాల్సివస్తే ఒడ్డుకు చేరగానే విప్పండి.

పిల్లి విషయంలో ఒక్క ముందుచూపు చాలు: గాలి మొదలవకముందే ఒక గదిలో పెట్టి తలుపు వేయండి. గాలి మొదలయ్యాక అది అటకెక్కి ఎక్కడుందో కనబడదు. మూతున్న ప్లాస్టిక్ బుట్టలో, పాత చీర పరిచి, మూత మీద తాడు కట్టి తీసుకెళ్లండి. కుక్కకు పట్టీ, గొలుసు, మూతికి కట్టే బట్టముక్క, మూడు రోజుల తిండి ఉంచుకోండి. పునరావాస కేంద్రాలు ఎక్కువగా బడులు, హాళ్లు. లోపలికి కుక్కను రానివ్వకపోవచ్చు. అందుకే ఎక్కడ ఉంచాలో ముందే బంధువులతో మాట్లాడుకోండి. ఊరకుక్కలు కూడా గట్టు మీదికే చేరతాయి, ఆకలితో గుంపుకట్టి దూడల మీద పడతాయి. రాత్రి కాపలా వంతులు వేసుకోవడం ఇందుకు కూడా.

నీరు తీశాక

మకాంలోకి పశువును వెంటనే తోలకండి. బురద ఎత్తి, గోలెం, తొట్లు కడిగి, నేల మీద సున్నం, బ్లీచింగ్ చల్లి ఒక రోజు ఆరనివ్వండి. కడిగే మనిషి రబ్బరు బూట్లు వేసుకోవాలి. ఎలుక మూత్రం కలిసిన బురద కాలి పుండ్ల ద్వారా మనిషికీ ఎలుకజ్వరం తెస్తుంది. ఒండ్రు పట్టిన పచ్చగడ్డిని నేరుగా మేపితే కడుపులో మట్టి చేరి పేడ ఆగిపోతుంది. ఒక మంచి వాన కురిసేదాకా ఆగండి, లేదా కోసి నీళ్లలో ఝాడించి పెట్టండి. గిట్టల మధ్య మెత్తబడి వాసన వస్తే శుభ్రంగా కడిగి 5 శాతం మైలుతుత్తం నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెట్టండి, ఆ నీళ్లు తాగనివ్వకండి. పుండులో పురుగులు పడితే కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పోయండి, పురుగులు బయటికి వస్తే తీసేయండి.

చనిపోయిన పశువును పారే నీటిలోకి తోసేయడం ఇంకా జరుగుతూనే ఉంది. అది దిగువ ఊరి తాగునీటిలోకే వెళుతుంది. ఎత్తైన చోట ఆరడుగుల గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. లంకల్లో మూడు నాలుగు అడుగులకే నీరు పడుతుంది, అప్పుడు పంచాయతీకి చెప్పి గట్టు అవతల చోటు అడగండి. హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచి నల్లటి రక్తం కారితే దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. కోయకండి, చర్మం ఒలవనివ్వకండి. పూడ్చేముందు చెవిపోగుతో సహా ఫొటో తీసి, పశువైద్యుడి చేత పరీక్ష రాయించుకోండి. 2022-26 కాలానికి కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో పాడి గేదెకు, ఆవుకు రూ.37,500, ఎద్దుకు రూ.32,000, దూడకు రూ.20,000, మేక, గొర్రెకు రూ.4,000, కోడికి రూ.100 నిర్ణయించారు. పాడి పెద్ద పశువులైతే ఇంటికి 3 వరకు. ఈ కాగితాలు లేకుండా పూడ్చేసినవారికి ఆ డబ్బు రావడం చాలా కష్టం.

ఆఖరుది, అందరూ మరిచిపోయేది కార్జపు జలగ, అంటే పశువు కాలేయంలో చేరే పురుగు. నిలిచిన నీటిలో నత్తలు పెరుగుతాయి, వాటినుంచి పిల్ల జలగలు గడ్డికి అంటుకుంటాయి. వరద పోయిన కొన్ని నెలల తరవాత పశువు చిక్కి, దవడ కింద నీరు దిగి, పాలు తగ్గితే అదే కారణం కావచ్చు. ఆ సమయానికి పేడ పరీక్ష చేయించి నట్టల మందు పట్టించండి. ఆల్బెండజోల్ రకం మందులు చూడి కట్టిన తొలి మూడు నెలల్లో దూడకు హాని చేస్తాయి, మందు తీసుకునేటప్పుడు పశువు ఎన్నో నెల చూడితో ఉందో డాక్టరుకు చెప్పండి.